కథలోని మనుష్యులును ఓటరు అంతరాత్మయు

ఎన్నికలలో ఓటు రహస్యము. ఎవరికి వేసితివో చెప్పుమని ఒక ఓటరును నిర్బంధించు అధికారము ఎవ్వరికిని లేదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము తన 94వ సెక్షనులో చెప్పినది. సాక్ష్యమిచ్చుటకు వచ్చిన వానినైనను ఆ ప్రశ్నకు సమాధానము చెప్పి తీరవలెనని ఒత్తిడి చేయరాదు. ఇంతటి రక్షణ ఉన్నను మనుష్యుడు మౌనముగా ఉండజాలడు. భార్యకో, అన్నకో, చిరకాల మిత్రునకో తన నిర్ణయమునకు కారణము చెప్పుకొనవలెనని అతనికి తోచును. అభ్యర్థి పేరు చెప్పుట ఇష్టము లేక, కారణము మాత్రము చెప్పవలసి వచ్చినప్పుడు కొందరు ఒక మార్గము పట్టుదురు. "నేను రామదాసును మనస్సులో పెట్టుకొని ఓటు వేసితిని" అందురు. విన్నవారు 'మాలపల్లి' నవల చదివినవారైనచో ఆ మాట గ్రహింతురు. ఈ సమాధానము నిజమైన కారణమా, లేక కారణమును కప్పిపుచ్చు తెరయా అనునది విచారింపదగిన ప్రశ్న.

విచారణకు ఒక చోటు కావలెను గనుక నౌపడను తీసికొనవచ్చును. శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలములోని ఈ ఊరు ఉప్పుమడులకు పేరుపడినది. పర్లాకిమిడి సంస్థానాధీశులు వేయించిన చిన్న రైలు మార్గము 1900లో ఇచటి నుండియే మొదలై పర్లాకిమిడికిని, తరువాత గుణుపురమునకును సాగినది. ఇప్పుడది బ్రాడ్‌గేజిగా మారినది. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయినది, నౌపడ ఇటు నిలిచినది. అప్పటి నుండి ఒకే చుట్టరికములోని తెలుగు కుటుంబములు ఆ రైలు దారికి ఒక కొనన ఒక ప్రభుత్వమును, రెండవ కొనన మరియొక ప్రభుత్వమును ఎన్నుకొనుచున్నవి. పెండ్లిలోనో పేరంటములోనో కలిసికొన్నప్పుడు ఎన్నికల ప్రస్తావన వచ్చినచో, ఇటువారి అభ్యర్థులు అటువారికి తెలియరు, అటువారి అభ్యర్థులు ఇటువారికి తెలియరు. ఇరువురికిని తెలిసిన పేర్లు కథలలోని పేర్లే. కథను అడ్డుపెట్టుకొని ఓటును వివరించుట పండితుల వేడుక మాత్రమే కాదనుటకు ఈ సరిహద్దు జీవితమే నిదర్శనము.

నౌపడలో ఒక లింగవంతుల ఇంటిని ఊహింపుడు. తండ్రి, కుమారుడు, కోడలు. ముగ్గురును 'మాలపల్లి' చదివినవారు. ముగ్గురును పగలు ఓటు వేసి వచ్చిరి. రాత్రి భోజనములైన పిదప ఆ మాట వచ్చినది. తండ్రి రామదాసు పేరు చెప్పెను. కుమారుడు వెంకటదాసు పేరు చెప్పెను. కోడలు కొంత సేపు ఊరకుండి, "నేను వేసినది రామానాయుడు వంటి వానికి, మామయ్యగారూ" అనెను. ముగ్గురును వేరువేరు అభ్యర్థులకు ఓటు వేసిరా, లేక ఒక్కనికే వేసి మూడు పేర్లు చెప్పిరా? ఈ మాటలను బట్టి తేల్చుటకు వీలులేదు. ఇది ఈ పద్ధతిలోని మొదటి చిక్కు. కాని ఆ చిక్కును చూచి తొందరపడి పద్ధతినే త్రోసిపుచ్చరాదు.

1951-52లో దేశములో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు అక్షరములు రాని ఓటర్లు కోట్లకొలది ఉండిరి. అందుచేత అభ్యర్థి అభ్యర్థికిని వేరువేరు పెట్టెలు పెట్టి, వానిపై గుర్తులు అంటించిరి. ఎద్దుల జత, గుడిసె, కంకి కొడవలి, ఇట్లు ఒక్కొక్క బొమ్మ ఒక్కొక్క పక్షమునకు నిలిచినది. బొమ్మను చూచి ఓటు వేయుట అవివేకమని నాడు చదువుకొన్నవారిలో కొందరు నవ్విరి. కాని ఆ బొమ్మయే లేకున్నచో ఓటు హక్కు కాగితము మీదనే ఉండిపోయెడిది. కథలోని పాత్ర కూడ ఒక విధముగా గుర్తు వంటిదే. అయితే ఎద్దుల జత ఏ గుణమును చెప్పదు. రామదాసు చెప్పును. తనకు జరిగిన అన్యాయమును తెలిసియు ద్వేషమును దరిజేరనీయని మనుష్యుడు ఎట్లుండునో ఆ పేరు వినగానే స్ఫురించును. పక్షముల గుర్తు కంటె ఇది కొంత మేలైన గుర్తు.

తెలుగువారికి ఈ అలవాటు క్రొత్తది కాదు. విజయనగరమున గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కము' వ్రాసి నూరు సంవత్సరములు దాటినది. 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో పెంచి మార్చిన రూపమున మరల వెలువడినది. అది నవల కాదు, నాటకము. అయినను గిరీశము పేరు ఈ జిల్లాలలో విశేషణముగా మారిపోయినది. వాక్చాతుర్యము తప్ప చేతిలో ఏమియు లేనివానిని "గిరీశమురా" అని ఒక్క మాటతో కొట్టివేయుదురు. ఎన్నికల దినములలో ఆ మాట మరింత సుళువుగా నోటికి వచ్చును. ఇచట రెండవ చిక్కు. గిరీశమని పిలువబడినవాడు నిజముగా అబద్ధములాడెనా, లేక పిలిచినవానికి అతడు నచ్చకపోవుటయే కారణమా? పేరు పెట్టినంతనే విచారణ ముగిసినట్లు తోచును. నిజమునకు విచారణ అప్పుడు మొదలు కావలెను. పైగా గిరీశమును చూచి నవ్వని ప్రేక్షకుడు లేడు. నవ్వుచునే అతని మాటలకు ముచ్చటపడని ప్రేక్షకుడును లేడు. సభలలో చప్పట్లు కొట్టు చేతులును మనవే.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు 'మాలపల్లి'ని రాయవెల్లూరు జైలులో వ్రాసిరి. 1922లో అది వెలువడినది. మాల కులమునకు చెందిన కుటుంబమును కేంద్రముగా చేసికొని, కూలి బేరములను, భూస్వాముల దౌర్జన్యమును, జైళ్ళ లోపలి బ్రతుకును అంత విస్తారముగా చిత్రించిన తెలుగు నవల అంతకు ముందు లేదు. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. 1928లో కొన్ని భాగములు తొలగించిన మీదట నిషేధము సడలినది. 1936లో మరల విధింపబడినది. 1937 ఎన్నికలలో కాంగ్రెసు గెలిచి, ఆ జూలైలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఏర్పడిన తరువాత నిషేధము తొలగినది. అనగా ఈ పుస్తకము పాఠకుని చేతికి తిరిగి వచ్చుటలో ఓటుకు భాగము కలదు. కాని ఆ ఓటు ఎవరిది? 1935 చట్టము క్రింద ఆస్తియో, పన్నో, చదువో ఉన్నవారికే ఓటు ఉండెను. రామదాసు వంటి వారిలో, సంగదాసు వంటి కూలివారిలో అత్యధికులకు నాడు ఓటు లేదు. తమ కథను విడిపించిన ఎన్నికలో ఆ కథలోని జనమునకు పాలు లేదు! వయోజనులందరికిని ఓటు వచ్చునప్పటికి నవల వెలువడి మూడు దశాబ్దములు అయినది. ఈ సంగతి తెలిసిన ఓటరు రామదాసు పేరెత్తినప్పుడు, ఆ పేరులో ఒక ఋణము కూడ ఉన్నదని గ్రహింపవలెను. ఓటు లేని వాని పేరు మీద ఓటు వేయుట తేలిక సంగతి కాదు.

ఇక నౌపడ ఇంటిలోని సంభాషణకు వచ్చినచో, తండ్రి రామదాసు పేరు ఏల చెప్పెను? రామదాసు వేదాంతి, కొడుకు సంగదాసు యజమాని చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణము కోల్పోయినను పగ పట్టనివాడు. పోరాటము కంటె ఓర్పును నమ్ము అభ్యర్థి తండ్రికి నచ్చినాడని ఊహింపవచ్చును. కుమారునకు ఆ ఓర్పు సహింపరానిది. వెంకటదాసు ఉన్నవారిని దోచి లేనివారికి పంచుటకు పూనుకొన్నవాడు. అట్టి ఆగ్రహము గల అభ్యర్థిని అతడు కోరుకొన్నాడు. తండ్రికొడుకులు ఒకే నవలను చదివి విరుద్ధమైన నిర్ణయములకు వచ్చిరి. దీనిని బట్టి నవల నిర్ణయము చేయదని తేలుచున్నది. నిర్ణయము చేయునది చదువరి స్వభావము. నవల దానికి మాట ఇచ్చును. అయితే ఆ మాట ఇచ్చుట చిన్న ఉపకారము కాదు. "అతడు మనవాడు" అని చెప్పినచో ఎదుటివాడు వాదించుటకు ఏమియు లేదు. మనవాడు కాకపోవుట ఎట్లు? "అతడు రామదాసు వంటివాడు" అని చెప్పినచో ఎదుటివాడు పుస్తకము తెరచి, "రామదాసు ఇట్లు చేసెనే, మీ అభ్యర్థి ఎప్పుడైన ఇట్లు చేసెనా?" అని అడుగవచ్చును. ఖండింపదగిన కారణమే కారణము. ఖండనకు చోటీయని మాట కారణము వేషము వేసికొన్న ఇష్టము మాత్రమే.

ఇచట ఒక బలమైన ఆక్షేపణ కలదు. గ్రీకు తాత్త్వికుడు ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథములో కవులను ఆదర్శ రాజ్యమునకు వెలుపల ఉంచవలెననెను. కావ్యము అనుకరణకు అనుకరణ. అది వివేకమును విడిచి ఉద్వేగమును పోషించును అని అతని వాదము. ఈ వాదమును ఓటుకు అన్వయించినచో ఇట్లుండును: నవలాకారుడు తన పాత్ర హృదయమును విప్పి చూపును. చౌదరయ్య ఏమి తలచెనో, వెంకటదాసు ఏల మారెనో పాఠకునకు తెలియును. అభ్యర్థి హృదయము ఎవ్వరికిని తెలియదు. తెలిసినదాని పేరు తెలియనిదానికి పెట్టుట మోసము కాదా? పాత్రకు చివరి పుట ఉన్నది. అభ్యర్థి ఇంకను మారవలసినవాడు, చెడవలసినవాడు లేదా బాగుపడవలసినవాడు. నేడు రామదాసనిపించుకొన్నవాడు పదవి వచ్చిన మూడేండ్లకు చౌదరయ్య కావచ్చును.

ఈ ఆక్షేపణను పూర్తిగా త్రోసివేయుటకు వీలులేదు. దీనికి ఒదిగిపోవలసినదే. పాత్ర పేరును తీర్పుగా గాక అనుమానముగా వాడుకొనుటయే దీనికి విరుగుడు. "వీడు రామదాసు" అనుట వేరు. "వీనిలో రామదాసు ఉన్నాడేమో చూడవలెను" అనుట వేరు. మొదటిది కన్ను మూసికొనుట, రెండవది కన్ను తెరచుట. అయిదేండ్ల తరువాత అదే ఓటరు అదే పేరును చేత పట్టుకొని మరల పరీక్షింపగలడు. కొలపాత్ర మారదు, కొలువబడు ధాన్యము మారును.

కోడలు చెప్పిన పేరు ఈ ఇంటిలో అందరికంటె లోతైనది. రామానాయుడు చౌదరయ్య కుమారుడే. ఆ ఇంటి అన్నమే తిన్నవాడు, ఆ కులములోనే పుట్టినవాడు. అయినను సంగదాసుకు స్నేహితుడై, తండ్రి నడతను కాదని, పేదల పక్షమున నిలుచును. కులమును, ఇంటిని చూచి ఓటు వేయువాడు ఈ రామానాయునికి ఓటు వేయజాలడు. చౌదరయ్యను ద్వేషించువాడు కొడుకును కూడ ద్వేషించును, చౌదరయ్యను అభిమానించువాడు కొడుకును ద్రోహి అనును. రెండు విధములను రామానాయుడు ఓడిపోవును. పాత్రలను నమూనాలుగా వాడుకొనుటలో అపాయమేదో, దానికి మందు కూడ అదే నవలలో ఉన్నది. మంచి నవల తన పాత్రలను తేలికగా గుర్తులు కానీయదు. చదివిన కొలది ఒక్కొక్కడు తన కులము నుండి, తన తండ్రి నుండి, పాఠకుడు తనకు పెట్టిన పేరు నుండి కొంచెము కొంచెముగా బయటికి వచ్చును.

ఇంతవరకు చెప్పినదంతయు అభ్యర్థిలో పాత్రను వెదకుట. కాని ఓటరు తానే ఒక పాత్ర అని తలచుకొనుట మరింత కష్టమైనది, మరింత ప్రయోజనకరమైనది. కందుకూరి వీరేశలింగముగారి 'రాజశేఖర చరిత్రము' 1880లో పుస్తకరూపమున వచ్చినది. ధవళేశ్వరములోని రాజశేఖరుడు మంచివాడు, ఉదారుడు. అతని దోషమొక్కటే: పొగడ్త. ముఖస్తుతి చేయువారు ఇంటినిండ చేరిరి. బైరాగి ఒకడు వచ్చి బంగారము చేసెదనని చెప్పి ఉన్న బంగారమును ఎత్తుకొనిపోయెను. సంపద తరిగిన వెంటనే పొగడిన నోళ్ళు మూతపడెను. ఎన్నికల సభలలో ఓటరే రాజశేఖరుడు. "మీరు మహానుభావులు, మీ చేతిలోనే అంతయు ఉన్నది" అని పొగడుట అక్కడ జరుగును, బంగారము చేసెదమను వాగ్దానము అక్కడ వినబడును. బైరాగి ఎవడని అడుగుటకు ముందు "నేను రాజశేఖరుడనైతినా?" అని అడుగుకొనిన ఓటరు అరుదు. ఎంత అరుదనగా, బైరాగులకు నేటికిని పని తప్పుట లేదు.

మరియొకడు సుబ్బయ్య. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు 1922లో శ్రీకాకుళమున పుట్టినవారు, విశాఖలో న్యాయవాది. వారి 'అల్పజీవి'లో సుబ్బయ్య ఒక చిన్న ఉద్యోగి, పిరికివాడు. బావమరిది మాటకు లొంగి గవరయ్య అను కంట్రాక్టరు వద్ద డబ్బు పుచ్చుకొనును. ఆ పుచ్చుకొన్న గడియ నుండి గవరయ్య నీడ అతనిని వదలదు. డబ్బు తీసికొని ఓటు వేయువారిని గూర్చి నీతులు చెప్పువారు చాలమంది. ఓటు కొరకు డబ్బు ఇచ్చుట చట్టము దృష్టిలో అవినీతి చర్య అనియు అందరికి తెలియును. కాని పుచ్చుకొన్నవాని లోపల జరుగునదేమో సుబ్బయ్య తెలియజెప్పినంతగా ఏ ఉపన్యాసమును చెప్పదు. ఓటు రహస్యమే, డబ్బు పుచ్చుకొని మరియొకరికి వేసినను ఎవ్వరును కనిపెట్టలేరు. అయినను చాలమంది పుచ్చుకొన్నవానికే వేయుదురు. కొందరు దానిని విశ్వాసమందురు, ఉప్పు తిన్న కృతజ్ఞత యందురు. సుబ్బయ్యను ఎరిగినవాడు దానిలో భయమును కూడ చూడగలడు. ఉప్పు పండించు ఊరివారికి ఎవరి ఉప్పు ఎవరు తినుచున్నారో వేరుగ చెప్పవలెనా? మడిలో ఎండలో నిలిచినది ఓటరు, దాని రుచి తెచ్చినవానిగా నిలుచున్నది అభ్యర్థి.

పాత్రను ఇట్లు తన వైపు త్రిప్పుకొనుట శరణుల కథలు వినువారికి అలవాటైన పనియే. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో భక్తుల కథలు ఊరక పొగడ్తకై చెప్పబడవు. ఒక భక్తుని నడత మరియొక భక్తుని అహమును సరిదిద్దుటకై చెప్పబడును. బిజ్జలుని వద్ద దండనాయకుడైన బసవని చాకలి వృత్తివాడైన మడివాలు మాచయ్య మందలించు ఘట్టము అందరికి తెలిసినదే. ఆ ఘట్టమును విని "మా ఊరి మంత్రిని ఎవడైన ఇట్లు మందలింపవలెను" అని సంతోషించువాడు సగమే విన్నాడు. మందలింపబడినవాడు బసవడు, కథ వినుచున్న మనకు ఆదర్శమైనవాడు. ఆయనయే తల వంచగా వినువాని తల నిటారుగా నుండుట ఎట్లు?

మఠములకు, సంఘ పెద్దలకు సంబంధించిన మాట ఒకటి ఇచట తప్పదు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఏదో ఒక పీఠము, ఏదో ఒక సంఘము "మనవారందరు ఫలానివారికి వేయుడు" అని చెప్పునేమో అని అభ్యర్థులు ఎదురుచూతురు. మతము, కులము పేరిట ఓటు అడుగుట ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను ప్రకారము అవినీతి చర్య. ఆ మతము, కులము అభ్యర్థిది మాత్రమే కానక్కరలేదనియు, ఓటరుదైనను నిషేధము వర్తించుననియు సుప్రీముకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 జనవరి 2న నాలుగు-మూడు ఆధిక్యముతో తీర్పు చెప్పినది. చట్టము మాట అటుంచినను, గురువు చెప్పెనని వేసిన ఓటుకు శిష్యుడు చెప్పగల కారణమేమి? "గురువు చెప్పెను" అనునదే. దానిని ఎదుటివాడు ఖండింపలేడు, శిష్యుడు సమర్థింపలేడు. కల్యాణములోని అనుభవమంటపమున అల్లమప్రభువు అధ్యక్షుడై ఉండగా వృత్తి వృత్తివారు తమ అనుభవమును తమ నోటనే చెప్పిరి గదా. అధ్యక్షుడు అందరి బదులు చెప్పలేదు. గురువు శిష్యునకు ఈయదగినది అభ్యర్థి పేరు కాదు, పరీక్షించు కన్ను. ఆ కన్ను తెరపించుటకు నవల చాలును, పురాణము చాలును, నాటకమైనను చాలును.

పాత్ర పేరు చెప్పి అంతటితో ఆగుట మాత్రము చాలదు. నౌపడ చుట్టుప్రక్కల ఉప్పుమడులలో కాళ్ళు పగిలి పనిచేయువారున్నారు. అకాల వర్షము పడినచో మడిలో కట్టిన ఉప్పు కరిగిపోవును. కరిగినదానికి కూలి ఎవరిత్తురు? అదే మండలములో మూలపేట ఓడరేవు పనులకు 2023 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. భూమి ఇచ్చినవారికి, వల వేయువారికి, ఉప్పు తీయువారికి దానివలన కలుగు మేలు కీడుల లెక్క ఎవరు అడిగిరి, ఎవరు అడుగలేదు? రామదాసు వంటివాడని చెప్పబడిన అభ్యర్థి ఆ మడుల గట్టుమీద ఎన్నడైన నిలిచెనా? ఎన్నికల మాసములో కాదు, వాన పడిన మాసములో? ఎవ్వరును నచ్చనిచో 2013 నాటి సుప్రీముకోర్టు తీర్పు పిమ్మట ఓటింగు యంత్రములో ఆఖరి మీట ఒకటి ఏర్పడినది. ఏ పాత్రయు సరిపడలేదని చెప్పుటకు అదియు మార్గమే. కాని పుస్తకమంతయు చదివి ఒక్క మనుష్యుడును దొరకలేదనువాడు మరల ఒకసారి చదువుట మంచిది.

ఊహలోని ఆ ఇంటిలో మాట ఇంకను సాగుచున్నది. వెంకటదాసు పేరు చెప్పిన కుమారుడు తండ్రిని, "ఓర్చుకొన్నందువలన సంగదాసు తిరిగి వచ్చెనా?" అని అడిగెను. తండ్రి, "దోచినందువలన వచ్చెనా?" అనెను. కోడలు లేచి అలమారులోని పుస్తకము తెచ్చి దీపము దగ్గర పెట్టినది. ఎవరికి ఓటు వేసినది ముగ్గురిలో ఒక్కరును చెప్పలేదు, ఒక్కరును అడుగలేదు.